నల్లపావుల వైపు మా వదిన

మా వదిన కొత్త బట్ట కుట్టగా నేనెప్పుడూ చూడలేదు. పద్దెనిమిదేళ్ళు పక్క మిషను మీద కూర్చుని చెబుతున్న మాట ఇది. ఎవరో కత్తిరించి, ఎవరో కుట్టి, ఎవరో అమ్మినదాన్ని వేసుకునే మనిషికి సరిపోయేలా చేయడమే ఆవిడ పని. పొడుగైతే మడుస్తుంది, బిగుతైతే వదులు చేస్తుంది, జిప్పు పోతే కొత్తది వేస్తుంది, కాలరు అరిగితే విప్పి తిరగేసి కుడుతుంది. "వాళ్ళు చేసిందేదో చేసేశారు, ఇప్పుడు మనమేం చేద్దాం?" అని ప్రతి బట్టనూ బల్ల మీద పరిచి ఒకసారి అడుగుతుంది. బట్ట జవాబు చెప్పదు కాబట్టి నేను చెబుతాను. నా జవాబు ఆవిడకెప్పుడూ నచ్చదు.

మా కొట్టు మార్కెట్ భవనం మొదటి అంతస్తులో, మెట్లెక్కగానే ఎడమవైపు రెండో గది. రెండు మిషన్లు, ఇస్త్రీ బల్ల, నిలువుటద్దం, బట్టలు మార్చుకోవడానికి పరదా కట్టిన ఒక మూల. గుండీలూ కాజాలూ నా పని, మిగతాదంతా ఆవిడది. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. మా అన్నయ్య బస్సు డ్రైవరు, పగలంతా రోడ్డు మీదే ఉంటాడు, కాబట్టి ఆ సగం పెత్తనం నేను చెలాయించాలి. ఆవిడ కాపురానికొచ్చిన కొత్తలో ఒకటి రెండు సార్లు ప్రయత్నించాను కూడా. ఆవిడ కోప్పడలేదు, ఎదురు చెప్పలేదు, "సరే అమ్మాయ్" అని తను చేసేదే చేసింది. నా పప్పులు ఉడకవని తెలిసి ఊరుకున్నాను. కానీ ఆవిణ్ణి ఎవరికైనా పరిచయం చేయాల్సి వస్తే మాత్రం "మా అన్నయ్య భార్య" అనే చెబుతూ వచ్చాను. అందులో తప్పేముందో మొన్నటిదాకా నాకు తోచలేదు.

ఆవిడ పనిలో ఒక పట్టింపు ఉంది. ఎంత బిగించినా, ఎంత పొట్టి చేసినా లోపల రెండు వేళ్ళ వెడల్పు గుడ్డ వదిలేస్తుంది. మిగిలినవాళ్ళు కుట్టు పక్కనే కత్తిరించి అంచు నున్నగా చేస్తారు. చూడ్డానికి అదే బాగుంటుంది. ఆవిడ కత్తిరించదు. లోపలికి మడిచి, పైకి కనబడకుండా కుట్టి వదిలేస్తుంది. "మనుషులు ఎప్పుడూ ఒకేలా ఉండరు కదా" అంటుంది. నిజమే, మూడేళ్ళకో నాలుగేళ్ళకో అదే మనిషి కాస్త ఒళ్ళు చేసి, అదే కోటు పట్టుకుని, సిగ్గుపడుతూ మెట్లెక్కి వస్తాడు. ఆవిడ లోపలి కుట్టు విప్పి దాచిన గుడ్డ బయటికి తీస్తుంది. అప్పుడు చూడాలి ఆ మనిషి మొహం. నాకు మాత్రం ఆ రెండు వేళ్ళ గుడ్డ మడవడానికి పట్టే టైము చూస్తే ఒళ్ళు మండేది.

ఇంకో అలవాటు కూడా ఉంది. ఎక్కడ దారం పోగు వేలాడినా ఆవిడ చూసి ఊరుకోలేదు. కత్తెర చేతి పక్కనే ఉంటుంది, అయినా బట్టను నోటి దగ్గరికి తీసుకుని పంటితో పుటుక్కున కొరికేస్తుంది. ఒకసారి ఒక పెద్దమనిషి చొక్కా తొడుక్కుని అద్దంలో చూసుకుంటూ ఉండగానే వెళ్ళి ఆయన మోచేతి దగ్గర పోగు కొరికేసింది. పాపం ఆయన రెండు గజాలు ఎగిరి పడ్డాడు. ఈ అలవాటును గుర్తు పెట్టుకోండి, తర్వాత కొంప ముంచబోయింది ఇదే.

చదరంగం ఆవిడ జీవితంలోకి చిరిగిపోయి వచ్చింది. పదకొండేళ్ళ కిందట, కింది అంతస్తులో తాళంచెవులు చేసే మేస్త్రీ గారు చుట్టేసుకునే రెక్సిన్ చదరంగం బల్ల ఒకటి పట్టుకొచ్చారు. నట్టనడుమ చిరిగింది. "అతుకుతుందా చెల్లెమ్మా?" అన్నారు. ఆవిడ అతికింది. ఊరికే అతకలేదు. కుట్టు లావుగా వస్తే ఏ పావు ఎక్కడ తూలుతుందోనని, ఏది ఎటు నడుస్తుందో ముందు చెప్పమంది. మేస్త్రీ గారు చెప్పడం మొదలుపెట్టారు. చెప్పడం అయ్యేసరికి కింద ఆయన కొట్టు ముందు తాళాలు పోగొట్టుకున్నవాళ్ళు ముగ్గురు నిలబడి ఉన్నారు. మర్నాడు మధ్యాహ్నం భోజనం డబ్బా కడిగేసి ఆవిడ కిందికి వెళ్ళి ఒక ఆట ఆడి, ఓడి, మొహం వెలిగిపోతూ పైకి వచ్చింది. పావులు బల్ల మీద టకటకమంటున్నాయని మిగిలిపోయిన పచ్చ మఖమలు ముక్కలు గుండ్రంగా కత్తిరించి, ముప్ఫై రెండు పావుల అడుగులకూ అంటించింది. ఆ బల్లా ఆ పావులే ఇప్పటికీ వాడుతున్నారు.

మా మార్కెట్‌కీ తపాలా ఆఫీసుకీ ఏటా ఒక ఆదివారం పోటీ జరుగుతుంది. జట్టుకు నలుగురు, నాలుగు బోర్డులు. మా జట్టులో ఒకటో బోర్డు తాళాల మేస్త్రీ, ఆయనే కెప్టెన్. రెండోది మందుల షాపాయన, మూడోది ఫొటో స్టూడియో ఆయన, నాలుగోది మా వదిన. ఎప్పుడో చీటీ వేసి తేల్చిన పద్ధతి ప్రకారం రెండు, నాలుగు బోర్డులకు మావాళ్ళకు నల్లపావులు వస్తాయి. తెల్లపావులవాళ్ళది ముందు ఎత్తు, నల్లపావులవాళ్ళది జవాబు. ఆ లెక్కన మా వదినకు నల్లపావులే తగినవని నేను ఎగతాళి చేసేదాన్ని.

మొదటి మూడేళ్ళు బాగానే జరిగింది. తర్వాత తపాలావాళ్ళ నాలుగో బోర్డుకు ఉత్తరాలు వేరుచేసే పెద్దాయన వచ్చాడు. నలభై ఏళ్ళుగా ఏ ఉత్తరం ఏ అరలో పడాలో ఆ అరలోనే పడేసిన మనిషి. ప్రపంచం తలకిందులైనా ఆయన మొదటి ఎత్తు ఒక్కటే: మంత్రి ముందున్న బంటును రెండు గళ్ళు ముందుకు తోయడం. మా వదినకు దానికేం జవాబు చెప్పాలో తెలియలేదు.

సలహాలకేం తక్కువ? మొదటి ఏడాది తాళాల మేస్త్రీ గారు తన పద్ధతి నేర్పించారు. దానికి కింగ్స్ ఇండియన్ అని పేరు. నడిమి గళ్ళన్నీ తెల్లవాళ్ళకే వదిలేసి, మన రాజును ఒక పక్కన కోటలో పెట్టి, వాళ్ళు బాగా ముందుకొచ్చాక ఎదురుదెబ్బ కొట్టడం. "దొంగని లోపలికి రానియ్యి చెల్లెమ్మా, తర్వాత తలుపెయ్యి" అన్నారాయన. తాళాలు చేసేవాడికి అంతకంటే ఏం తోస్తుంది! మా వదిన రానిచ్చింది. తలుపు వేసే టైముకి ఇల్లంతా వాళ్ళదే అయిపోయింది.

రెండో ఏడాది మందుల షాపాయన డచ్ అనే పద్ధతి చెప్పాడు. రాజు పక్కనున్న శకటు ముందరి బంటును మొదట్లోనే రెండు గళ్ళు తోసేయడం. "మొదటి డోసే గట్టిగా పడాలమ్మా, రోగం దెబ్బకి దిగుతుంది" అన్నాడు. డోసు గట్టిగానే పడింది, కాకపోతే మన రాజుకు. మూడో ఏడాది ఫొటో స్టూడియో ఆయన వంతు. ఆయన పద్ధతిలో మంత్రి బంటు ఎదురుగా మన మంత్రి బంటును పెట్టి, దాని ఆసరాకు రాజు బంటును ఒక గడి జరిపి, ఇక కదలకుండా కూర్చోవాలి. ఆయన కొట్లో మనుషులకు చెప్పేదీ అదే, కదలకండి, ఊపిరి బిగబట్టండి అని. ఆవిడ రెండు గంటలు ఊపిరి బిగబట్టింది. లోపల ఇరుక్కుపోయిన ఒక శకటు ఆట అయ్యేదాకా బయటికి రాలేదు. ఊపిరి వదిలేసరికి ఆట కట్టింది.

ఎరువు సొమ్ము బరువు చేటు అని ఊరికే అన్నారా? మూడేళ్ళు మూడు అరువు పద్ధతులు, మూడు ఓటములు. పైగా ముగ్గురిదీ ఒకే మాట, "నా పద్ధతి మంచిదే, నువ్వు సరిగ్గా ఆడలేదు" అని. తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటే ఇదే.

ఈ ఏడాది మా పై అంతస్తులో పళ్ళ డాక్టరమ్మ ఆస్పత్రి తెరిచింది. ముప్ఫై ఏళ్ళు కూడా లేవు. ఒక మధ్యాహ్నం టీ తాగుతూ ఆడి, మేస్త్రీ గారినీ మందుల షాపాయన్నీ వరసగా ఓడించింది. పోటీకి మూడు వారాలుందనగా మేస్త్రీ గారు మా కొట్టుకొచ్చారు. గుమ్మంలోనే నిలబడి, చేతిలో తాళంచెవుల గుత్తి అటూ ఇటూ తిప్పుతున్నారు.

"చెల్లెమ్మా, జట్టులో అందరూ ఒక మాట అంటున్నారు. నేననడం లేదు, అందరూ అంటున్నారు."

"చెప్పండి అన్నగారూ" అంది మా వదిన, పాదం మిషను మీదనుంచి తీసి.

"ఈసారికి నువ్వే ఆడు. గెలవక్కర్లేదు, సమానం చేసినా చాలు. కానీ ఈసారి కూడా పోతే... వచ్చే ఏడు నుంచి నాలుగో బోర్డు డాక్టరమ్మకి ఇద్దాం. ఏమీ అనుకోకు."

"అనుకోవడానికేముంది" అంది ఆవిడ. ఆయన వెళ్ళాక ఒక ప్యాంటు తీసుకుని మిషను కింద పెట్టింది. కాస్సేపటికి చూస్తే ప్యాంటు కాలు రెండు వైపులా కలిపి కుట్టేసింది. పద్దెనిమిదేళ్ళలో ఆవిడ అలాంటి పని చేయలేదు.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం, ఆవిడ మీద పడింది. "ఇంత మాత్రానికి ఏమైపోయిందని? ఏడాదికి ఒక్క పూట ఆడే ఆట. పోతే పోయింది, కొంప మునిగిందా?" అన్నాను.

ఆవిడ ఆ కుట్టు విప్పుతూ, తలెత్తకుండా చెప్పింది. "ఇంట్లో నేను మీ అన్నయ్యకి పెళ్ళాన్ని, నీకు వదినని, పిల్లకి అమ్మని. అన్నీ నాకిష్టమే, కాదనను. కొట్లో అందరికీ ఆంటీని. ఏడాదికి ఆ ఒక్క పూటే, అక్కడ నేను ఎవరికీ ఏమీ కాను అమ్మాయ్. నాలుగో బోర్డుని. అది పోతే నాకు బాధగా ఉంటుంది. చాలా బాధగా ఉంటుంది."

మేస్త్రీ గారు వెళ్ళినప్పటి నుంచి నేనూ కాజాలన్నీ తప్పే వేశానని అప్పుడు చూసుకున్నాను.

మర్నాటి నుంచి నా గుండీలకు రక్షణ లేకుండా పోయింది. గోధుమరంగు కాగితం మీద సుద్దతో గళ్ళు గీసి, తెల్ల చొక్కా గుండీలు ఒక వైపు, నల్ల కోటు గుండీలు ఒక వైపు పేర్చింది. రాజుకు పెద్ద గుండీ, గుర్రానికి రెండు కన్నాల గుండీ, శకటుకు నాలుగు కన్నాల గుండీ. ఎవరైనా వచ్చి చొక్కాకు గుండీ పోయిందంటే నేను ఆటలోంచి బంటును తీయాల్సి వచ్చేది. "ఆగాగు, అది తియ్యకు, వేరేది తియ్యి" అని అరిచేది ఆవిడ.

మేస్త్రీ గారి పద్ధతి, మందులాయన పద్ధతి, ఫొటో ఆయన పద్ధతి మూడూ మళ్ళీ పరిచింది. బట్టను చూసినట్టే చూసింది, ఎక్కడ పట్టేస్తోంది, ఎక్కడ వదులుగా ఉందని. నాలుగో రోజు నన్ను పిలిచింది.

"మేస్త్రీ గారిది కత్తెర పద్ధతి. ఎదురుదెబ్బ మొదలుపెట్టాక, కత్తిరించేసిన గుడ్డలాగే, ఇక వెనక్కి తీసుకోలేం. మధ్యలో ఒక్క ఎత్తు తేడా వస్తే మన పనైపోయినట్టే. మందులాయనది అంతకన్నా కత్తెర. ఫొటో ఆయనది గట్టిదే, కానీ చంకలో పట్టేస్తుంది. చూడు, మన మంత్రి బంటుకి ఆసరాగా ఈ రాజు బంటు ముందుకొచ్చింది కదా, ఇది ఈ శకటుకి దారి మూసేసింది."

"అయితే?"

"ఆసరా ఇటు నుంచి కాకుండా అటు నుంచి ఇస్తే? మంత్రికి అవతల పక్కనున్న శకటు ముందు బంటుని ఒక్క గడి జరిపితే? ఆసరాకి ఆసరా ఉంది, శకటుకి దారీ ఉంది."

నాకు చదరంగం అంతంత మాత్రమే, కానీ చంక కింద పట్టేసిన జాకెట్టు ఎలా వదులు చేస్తారో తెలుసు. ముందు భాగం ముట్టుకోకుండా పక్క కుట్టు విప్పుతారు. "బానే ఉంది" అన్నాను. అంతకంటే మెచ్చుకోవడం నా వల్ల కాదు.

ఆ సాయంత్రం పళ్ళ డాక్టరమ్మ తన తెల్లకోటుకు జేబు చిరిగిందని వచ్చింది. గుండీల ఆట చూసి నిలబడిపోయింది. "దీనికి పేరుంది అక్కా. స్లావ్ అంటారు. ఎప్పటినుంచో ఆడుతున్నారు."

మా వదిన మొహం ఒక్క క్షణం చిన్నబోయింది, తర్వాత నవ్వేసింది. "నాకంటే ముందే ఎవరో కుట్టేశారన్నమాట."

"కుట్టింది వాళ్ళైనా కొలత నీదేగా వదినా" అన్నాను నేను.

డాక్టరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. "నేను తెల్లవైపు ఆడతాను, రోజూ మధ్యాహ్నం కాస్సేపు. అక్కా, అబద్ధం చెప్పను, నాకూ ఆ బోర్డు మీద ఆడాలనే ఉంది. కానీ మీరు ఓడిపోతే వచ్చేది నాకొద్దు."

నాకప్పటిదాకా ఆ పిల్ల మీద మంట. ఆ మాటతో సగం చల్లారింది. మిగతా సగం, నా పుచ్చు పన్ను నొప్పి లేకుండా పీకాక చల్లారింది. రెండు వారాల పైన, రోజూ ఒంటిగంటకు ఆ ఇద్దరూ గుండీల మీద వంగి కూర్చునేవాళ్ళు. డాక్టరమ్మ ఒకటే హెచ్చరించింది. "ఇందులో గెలవడం కష్టం అక్కా. ఎదుటివాళ్ళు తప్పు చేస్తే తప్ప ఆట సమానంగానే పోతుంది."

"నాకు గెలుపెందుకు, కుర్చీ కావాలి గానీ" అంది మా వదిన. డాక్టరమ్మతో ఆడిన వాటిలో రెండు సమానం చేసింది, మిగతావన్నీ ఓడింది. ఒక్కటీ గెలవలేదు. అయినా ఆ పదిహేను రోజులూ ఆవిడ మిషను తొక్కుతూ కూనిరాగాలు తీసింది.

పోటీ రోజు తపాలా ఆఫీసు పై హాల్లో నాలుగు బల్లలు వేశారు. కిటికీల పక్కన చూసేవాళ్ళకు బెంచీలు. ఎన్నడూ పోటీకి వెళ్ళని నేను ఈసారి డాక్టరమ్మ పక్కన కూర్చున్నాను. మా బల్ల, అదే నడిమి కుట్టు బల్ల, నాలుగో బోర్డుకు పరిచారు. మేస్త్రీ గారు తన కుర్చీలో కూర్చోబోతూ మా వదిన చెవిలో, "తలుపు సంగతి గుర్తుంది కదా?" అన్నారు. ఆయన ఆశ ఆయనది.

పెద్దాయన మంత్రి బంటును రెండు గళ్ళు తోశాడు. మా వదిన తన మంత్రి బంటును ఎదురుగా రెండు గళ్ళు తోసింది. పక్క బల్లల మీదుగా మెడ సాచి చూసిన మేస్త్రీ గారికి తన పద్ధతి కాదని అక్కడే తెలిసిపోయింది. గుత్తిలోని తాళంచెవులు ఒక్కసారి గల్లుమన్నాయి. తర్వాత ఆసరా బంటు ఒక గడి కదిలింది. తర్వాత శకటు తీరిగ్గా బయటికి వచ్చి ఎండలో కూర్చుంది. గంట గడిచేసరికి మా వదిన రాజు కోటలో ఉన్నాడు, బంట్లు వరసలో ఉన్నాయి, పెద్దాయన కళ్ళద్దాలు తీసి రెండుసార్లు తుడుచుకున్నాడు. ఉత్తరాలన్నీ ఉన్నాయి, ఏ అరలో వేయాలో మాత్రం ఆయనకు తోచడం లేదు. నాకు ఒళ్ళంతా తేలికైపోయింది.

అప్పుడు జరిగింది. ఎత్తు మా వదినది. బల్ల మీదికి వంగి ఆలోచిస్తోంది. నల్లరాజు అడుగు నుంచి పచ్చ మఖమలు పోగు ఒకటి, గోరంత పొడుగున, బయటికి వచ్చి ఉంది. నేను బెంచీ మీదనుంచే చూశాను. ఆవిడ కూడా చూసింది. నేను నోరు తెరిచేలోపే ఆవిడ చెయ్యి వెళ్ళింది, రాజును ఎత్తింది, తిరగేసింది, నోటి దగ్గర పెట్టుకుని పంటితో పుటుక్కున పోగు కొరికింది. తృప్తిగా ఉన్నచోటే పెట్టేసింది.

తర్వాత తపాలావాళ్ళ బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. చదరంగంలో ఒక నియమం ఉంది. తన వంతులో ఏ పావును ముట్టుకుంటే ఆ పావునే కదపాలి. సరిచేసుకోవాలంటే ముందే "సర్దుతున్నాను" అని చెప్పి ముట్టుకోవాలి. ఆవిడ చెప్పలేదు. దారం పోగు ముందు ఆవిడకు నియమాలేం గుర్తుంటాయి!

ఆవిడ మొహంలో రక్తం లేదు. నోట్లోంచి చేతిలోకి తీసుకున్న పోగు వంక చూస్తోంది. పెద్దాయనకు పాపం జాలేసింది. "పర్వాలేదమ్మా. దారమేగా తీశారు. మీ ఇష్టమొచ్చిన ఎత్తు వెయ్యండి" అన్నాడు. మంచి మనిషి. నేను మనసులో ఆయనకు నిండు నూరేళ్ళూ ఇచ్చేశాను.

"వద్దండీ. ముట్టుకున్నాను, కదుపుతాను" అంది మా వదిన.

నేను బెంచీ మీద అగ్గి మీద గుగ్గిలం అయ్యాను. ఆయనే వద్దంటుంటే ఈవిడకేం వచ్చింది! లేచి నిలబడ్డాను కూడా. డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "అలా కాదు. రేపు ఎవరైనా ఆ బోర్డు జాలితో వచ్చిందంటే?" అంది మెల్లిగా. నిజం చెప్పాలంటే ఆ మాట నాకు ముందు తట్టాల్సింది. ఇరవై ఏళ్ళుగా ఒకే ఇంట్లో అన్నం తింటున్నదాన్ని నేను.

ఆవిడ రాజును ఎత్తి, పక్క గడిలో, మూలకు పెట్టింది. ఎందుకూ పనికిరాని ఎత్తు. తెల్లపావులకు ఒక ఎత్తు ఊరికే ఇచ్చినట్టు. పెద్దాయన కాస్సేపు తటపటాయించి, నడిమి గళ్ళలోకి రాజు బంటును కూడా తోశాడు. మేస్త్రీ గారి పద్ధతిలో ఉండి ఉంటే అక్కడితో మన దుకాణం మూసేసేవాళ్ళం. మా వదిన మాత్రం రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, కుట్టు ఎక్కడ విప్పాలా అని చూసే చూపుతో బల్లను చూసింది. ఎంతసేపు చూసిందో! నేను కిటికీ ఊచలు రెండుసార్లు లెక్కపెట్టాను.

తర్వాత బంటుకు బంటును మార్చింది. బయట ఎండలో కూర్చున్న శకటును గుర్రానికి మార్చింది. ఒక్కో మార్పుతో బల్ల ఖాళీ అవుతూ వచ్చింది, పెద్దాయనకు ఊరికే వచ్చిన ఎత్తు కూడా ఎటో కలిసిపోయింది. మిగతా మూడు బోర్డులూ అయిపోయి అందరూ చుట్టూ చేరారు. చివరికి ఇటు రాజు, మూడు బంట్లు. అటు రాజు, మూడు బంట్లు. ఎవరూ ఎవరినీ దాటి పోలేరు.

పెద్దాయన తలెత్తాడు. "సమానమేనా అమ్మా?"

"సమానమేనండీ" అంది. ఇద్దరూ చేతులు కలుపుకున్నారు.

మొత్తం పోటీ కూడా రెండుకు రెండు అయింది గానీ అది ఎవరికి కావాలి! మేస్త్రీ గారు వచ్చి, తాళంచెవుల గుత్తి జేబులో పెట్టుకుని, "చెల్లెమ్మా, నా తలుపు నీకు పనికి రాలేదు" అన్నారు నవ్వుతూ. "వచ్చే ఏడు ఐదో బోర్డు కూడా పెడదామని వాళ్ళతో అంటాను. డాక్టరమ్మకి అది. నాలుగోది నీదే, ఇక దాని ఊసెత్తను." డాక్టరమ్మ మా వదినను గట్టిగా వాటేసుకుంది. నేనూ వెళ్ళాను. మెచ్చుకోవాలని వెళ్ళి, "రాజుని కొరకడమేంటి వదినా, సిగ్గు లేకుండా?" అన్నాను.

"ఏం చేయను, పోగు కనబడింది" అంది. కళ్ళనిండా నీళ్ళు, నోటినిండా నవ్వు. "భయం వేసింది అమ్మాయ్. కానీ లోపల గుడ్డ ఉంది కదా అనుకున్నాను. ఒక్క ఎత్తు పోతే పోనీ, విప్పుకోవచ్చు అనుకున్నాను."

ఆ రెండు వేళ్ళ గుడ్డ మీద పద్దెనిమిదేళ్ళు విసుక్కున్నాను నేను. ఆ పూటతో మానేశాను. ఇప్పుడు కాజాల పని లేనప్పుడు ఆ మడత నేనే పెడుతున్నాను.

అందరూ టీలు తాగుతున్నారు. మా వదిన బల్ల చుట్టేస్తూ పెద్దాయనకు శకటు దారి గురించి ఏదో చెబుతోంది, ఆయన బుద్ధిగా వింటున్నాడు. టీ కప్పు అందిస్తూ తపాలావాళ్ళ తరఫు ఒక పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసింది.

"మిమ్మల్ని ఎప్పుడూ చూడలేదు. మీరు ఎవరి తాలూకు అమ్మా?"

నోటిదాకా వచ్చిన పాత మాటను మింగేసి, కప్పు అందుకున్నాను.

"నాలుగో బోర్డు గారి ఆడపడుచునండీ" అన్నాను.